గాలివాన వెలిసిన మఱునాడు

గాలివాన ఒక రాత్రి పని. దాని వెనుక మిగులు బురద ఒక నెల పని. మొదటిదానిని గుఱించి మనకు ఎన్నియో కథలు కలవు. రెండవదానిని గుఱించి మాటలాడువారు అరుదు. చెట్లు కూలిన చప్పుడు, ఇంటికప్పు లేచిపోయిన తీరు, సముద్రము ఊరిలోనికి వచ్చిన వేళ, ఇవి పెద్దల నోట తరతరములు నిలుచును. కాని ఆ మఱునాటి ఉదయమున పారయో చీపురో చేతబట్టి మొదట వంగినవారెవరు? ఎవరి ముంగిలి మొదట శుభ్రపడినది? ఎవరి నూయి పక్షము దినములు అట్లే పాడుపడియుండెను? ఈ ప్రశ్నలను మనము అడుగుట లేదు. ఏటేట ఆశ్వయుజ కార్తికమాసములు వచ్చుసరికి ఆకాశమువంక భయముతో చూచు తీరవాసులకు ఇవి అల్పవిషయములు కావు. ఊరి ఆరోగ్యమును, ఐకమత్యమును, న్యాయబుద్ధియు ఆ మఱునాడే పరీక్షకు వచ్చుచున్నవి.

గడచిన నూటయేబది యేండ్ల చరిత్రను ఒకమాఱు తిరుగవేయుదము. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30 వేలమంది మృతినొందిరి. 1977 నవంబరు 19న దివిసీమపై విఱుచుకుపడిన ఉప్పెనలో, ప్రభుత్వపు లెక్కనుబట్టియే, మృతులు పదివేలమంది. 1990 మే నెలలో కృష్ణానది ముఖద్వారమువద్ద మఱియొక పెనుతుపాను తీరము దాటినది. నాటికి హెచ్చరికలు ముందుగా అందినవి. ఆరు లక్షలకు పైబడిన జనులు సురక్షితస్థలములకు చేర్పబడిరి. మరణములు వేయికి లోబడినవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గంటకు 170, 180 కిలోమీటర్ల గాలివేగముతో విశాఖపట్టణమును తాకినను ఆంధ్రప్రదేశమున మరణములు నూటికి మించలేదు. వాతావరణశాఖవారి శాస్త్రజ్ఞానము, ఉపగ్రహములు, రాడారు కేంద్రములు, తీరమున వెలసిన తుపాను రక్షణగృహములు, కట్టుబట్టలతో జనమును తరలింపగల యంత్రాంగము, ఇవి అన్నియు కలసి సాధించిన విజయమిది. దీనిని తక్కువచేసి పలుకుట కృతఘ్నత యగును.

కాని ఈ విజయమునుండియే ఒక క్రొత్త బాధ్యత పుట్టుచున్నది. ప్రాణములు దక్కించుకొని తిరిగివచ్చువారి సంఖ్య పెరిగినది. కావున తిరిగివచ్చి బాగుచేసికొనవలసిన పనియు పెరిగినది. తుపాను రాకమునుపు ఎవరు ఎక్కడికి పోవలెనో, ఏ వాహనము ఏ వేళకు వచ్చునో, ఏ బడిలో అన్నము వండుదురో నేడు చాలచోట్ల వ్రాతమూలకముగ నిర్ణయమై యున్నది. తుపాను వెలిసిన పిమ్మట ఎవరు ఏ పని మొదట చేయవలెనో మాత్రము ఎక్కడను నిర్ణయము లేదు. పోవుటకు క్రమము కలదు. వచ్చుటకు క్రమము లేదు. ఈ లోపమును గుఱించియే నేడు మేము వ్రాయదలచితిమి.

రక్షణగృహమునుండి ఇల్లు చేరిన కుటుంబమునకు మొదట కానవచ్చునది ఏమి? మోకాలిబంటి బురద. పొయ్యిలో నీరు. గాదెలో తడిసి మొలకెత్తుచున్న ధాన్యము. పెట్టెలో ముద్దయైన పట్టాదారు పాసుపుస్తకము, రేషనుకార్డు, పిల్లల బడిపుస్తకములు. నేతగాని యింట మగ్గపుగుంట నిండ నీరు. పల్లెకారుని యింట వల చిక్కుపడి, పడవ ఒడ్డునకు కొట్టుకొనివచ్చి పగిలియుండును. ఆ కుటుంబము కూర్చుండి ఏడ్చుటకు సైతము పొడినేల యుండదు. అట్టి వేళ ఇంటిల్లిపాది కలసి పనిలో దిగుట ఒక్కటియే ధైర్యమునకు మార్గము. చేతికి పని దొరకిన మనస్సు కొంత కుదుటబడును. ముదుసలి అవ్వ ధాన్యమును ఏఱుచు కూర్చుండును. పదియేండ్ల పిల్లవాడు పుస్తకములను ఒక్కొక్క పుటగా విప్పి ఎండలో ఆఱవేయును. తండ్రి వాసమును నిలుపుచుండ తల్లి త్రాడు అందించును. ఇట్టి కుటుంబములు మన తీరమున వేలకొలది కలవు. వానికి ఎవరును బోధింపవలసిన పని లేదు.

అయినను ఒక మాట చెప్పక తప్పదు. ఇంటి శుభ్రత యనగనే అది స్త్రీల పని యను తలంపు మనలో పాతుకొనిపోయినది. సాధారణదినములలోనే అన్యాయమైన ఈ తలంపు గాలివాన పిదప క్రూరమగుచున్నది. కుళాయిలు నిలిచిపోయిన ఊరిలో మంచినీటికై క్రోసుదూరము నడచునది ఆడుది. తడికట్టెలతో పొగలో వండునది ఆడుది. బురద ఎత్తి, గోడ కడిగి, నేల అలుకునది ఆడుది. పురుషుడు కప్పు కట్టి, సహాయపు పంపిణీ జరుగుచోట నిలువబడి, దినము గడచినదనుకొనును. ఇంటిల్లిపాది కలసి చేయుట యనగా పనిని పంచుకొనుట గాని, ఒకరు చేయుచుండ తక్కినవారు చూచుట కాదు. బురద తట్ట మోయుటలో మగవానికి చిన్నతనము లేదు.

ఇల్లు బాగుపడినంతమాత్రమున పని ముగియదు. నా యిల్లు నేను కడుగుకొంటిని, పొరుగువాని సంగతి వాడు చూచుకొనును అను మాట సామాన్యదినములలో చెల్లునేమోగాని గాలివాన తరువాత చెల్లదు. ఉద్దానము సంగతి చూడుడు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటి, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి ప్రాంతముల కొబ్బరితోటలను, జీడితోటలను నేలమట్టము చేసినది. కొబ్బరిచెట్టు నాటిన పిమ్మట కాపునకు రావలెనన్న అయిదాఱేండ్లయినను పట్టును. కావున కూలక మిగిలిన ప్రతి చెట్టును రైతునకు ప్రాణసమానము. కాని కూలి కుళ్లుచున్న కొబ్బరిమొద్దులలో కొమ్ముపురుగు గ్రుడ్లుపెట్టి పెరుగును. రెక్కలు వచ్చిన పిమ్మట బ్రతికియున్న చెట్ల మొవ్వును తొలుచును. ఒక రైతు తన తోటలోని మొద్దులను తీసివేసినను, ప్రక్కతోటలో అవి కుళ్లుచుండెనేని వాని శ్రమ వ్యర్థమే. ఆ ప్రక్కతోట యజమాని నిర్లక్ష్యపరుడే కానక్కఱలేదు. అతడు వృద్ధుడో, వలసపోయినవాడో, కొడుకులు లేని వితంతువో కావచ్చును. వారి తోట బాగుచేయుట దానము కాదు, తన తోటను రక్షించుకొనుటయే.

నీటి విషయమును ఇట్టిదే. ఒక్క పశువు కళేబరము చెఱువులో కుళ్లెనేని ఊరంతయు రోగమున పడును. ఒక్క మురుగుకాలువకు తూడో, కూలిన చెట్టో అడ్డుపడెనేని ఎగువ పొలములన్నియు మునిగియుండును. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్లవద్ద తీరము దాటినపుడు కోతకు వచ్చిన వరిచేలు నీటమునిగినవి. అట్టివేళ పొలములోని నీరు ఒక దినము ముందుగా దిగినను ఒక దినము ఆలసించినను రైతునకు గింజ దక్కుటయో మొలకెత్తుటయో నిర్ణయమగును. ఉప్పెన నీరు ఎక్కిన పొలములోని ఉప్పు పోవలెనన్న మంచినీరు పెట్టి మరల మరల దింపవలెను. దింపుటకు మురుగుకాలువ పాఱుచుండవలెను. ఎగువవారు తమ నీటిని దిగువవారిపైకి వదలుట, దిగువవారు రాత్రివేళ గట్టునకు అడ్డుకట్ట వేయుట, తెల్లవాఱిన పిమ్మట కఱ్ఱలు చేతబట్టుట డెల్టా గ్రామములు ఎఱుగని సంగతి కాదు. ఇరువురును కలసి ఆ కాలువలోని తూడు లాగినయెడల కఱ్ఱలతో పనియుండదు.

పట్టణములలో ఇరుగుపొరుగు లేరనియు, అక్కడ ఇట్టి పొందిక సాగదనియు కొందఱు వాదింతురు. 2014లో విశాఖపట్టణము ఈ వాదమునకు సమాధానము చెప్పినది. హుద్‌హుద్ దెబ్బకు కైలాసగిరి బోడికొండయైనది; వీధులన్నియు కూలిన చెట్లతో మూతపడినవి; నగరమునకు దినములతరబడి విద్యుత్తు లేదు. ఆ చీకటిలో గృహస్థులు, విద్యార్థులు, ఉద్యోగులు గొడ్డళ్లు, ఱంపములు పట్టి తమ వీధులను తామే తెఱచుకొనిరి. పదునొకండు దినములకు దీపావళి వచ్చినది. కూలి ఎండిన చెట్లకొమ్మలు వీధులప్రక్క గుట్టలై యుండుటచే నిప్పురవ్వ పడిన ప్రమాదమని, టపాకాయలు కాల్చవద్దని అధికారులు కోరిరి. నగరవాసులు టపాకాయలు మాని దీపములు వెలిగించిరి. ఆ దినములలోనే పాలకు, నీటికి, క్రొవ్వొత్తులకు ఇష్టము వచ్చిన వెల కట్టినవారును కొందఱు లేకపోలేదు. ఆపద మంచిని మాత్రమే బయటపెట్టునని ఎవరును అనలేరు. కాని చేయిచేయి కలిపినవారు అధికసంఖ్యాకులు.

ఇంతవఱకు చెప్పినది అందఱును మెచ్చు సంగతి. ఇక కఠినమైన సంగతికి వత్తము. విశాఖపట్టణమున చెత్తగుట్టలను చివరకు ఎత్తినవారెవరు? నగరముయొక్కయు, ఇతర పట్టణములనుండి రప్పింపబడిన పారిశుద్ధ్య కార్మికులు. దివిసీమలో 1977లో ఉబ్బిన శవములను, కళేబరములను ఏఱి దహనఖననములు చేసినవారిలో దూరప్రాంతములనుండి వచ్చిన స్వచ్ఛందసేవకులు పలువురు కలరు. వారికి తెలుగుజాతి ఋణపడియున్నది. కాని సాధారణముగా ప్రతి తుపాను పిమ్మటను, ఊరు కలసి పనిచేయునప్పుడు కూడ, పని రెండు తెఱగులుగా చీలిపోవుచున్నది. కొమ్మలు నఱకుట, దారి తెఱచుట, అన్నము వడ్డించుట అందఱి పని. కుళ్లినది ఎత్తుట, మురుగులో దిగుట, కళేబరము ఈడ్చుట కొందఱి పని. ఆ కొందఱు ఎవరో చెప్పనక్కఱలేదు. ఊరి చివర, పల్లపునేలలో, అందఱికన్న ముందుగ నీటమునిగిన దళితవాడనుండియే వారిని పిలుతురు. తమ గుడిసె బురదలో నుండగా పరుల ముంగిలి బాగుచేయుటకు వారు రావలెను.

దీనికి ప్రాతచరిత్ర కలదు. 1858లో చెన్నపురి రాజధానికై ఒక నిర్బంధశ్రమ చట్టము చేయబడినది. చెఱువుకట్టలకు, ఏటిగట్లకు గండ్లు పడి ఊళ్లు మునుగు ప్రమాదము కలిగినపుడు, చుట్టుప్రక్కల కూలివర్గములకు చెందిన దృఢకాయులగు పురుషులను పనికి రప్పించు అధికారము దానివలన ఏర్పడినది. గట్టు తెగినచో మునుగునది భూస్వామి పొలము కూడ; కాని గట్టు కట్టుటకు చట్టము పిలిచినది కూలివానిని మాత్రమే. 1950 నుండి అమలులోనున్న మన రాజ్యాంగము ఈ నీతిని తలక్రిందులు చేసినది. దాని 23వ అధికరణము వెట్టిచాకిరిని నిషేధించినది. ప్రజాప్రయోజనార్థము ప్రభుత్వము నిర్బంధసేవను విధింపవచ్చుననుచునే, అట్లు విధించునపుడు మతము, జాతి, కులము, వర్గము అను కారణములచే భేదము చూపరాదని శాసించినది. దేశమునకు విధించిన ఈ ధర్మమును ఊరు తనకు తాను విధించుకొనరాదా?

శ్రమదానమునకును వెట్టికిని రూపము ఒక్కటే. రెండింటను పార యుండును, బురద యుండును, చెమట యుండును. భేదమును కనుగొనుటకు మూడు గుఱుతులు చాలును. మొదటిది: హీనమని తలంపబడు పని అందఱికిని వంతులవారీగా వచ్చుచున్నదా? ఊరిపెద్ద కుమారుడు మురుగుకాలువలో దిగిననాడు అది శ్రమదానము. చేతిగొడుగుతో గట్టుపై నిలిచిననాడు అది వెట్టి. రెండవది: పని ఎక్కడ ప్రారంభమగుచున్నది? నీరు ఎక్కువ నిలిచినచోట, కప్పులు ఎక్కువ కూలినచోట, అనగా సాధారణముగా పల్లపువాడలో ప్రారంభము కావలెను, రచ్చబండవద్ద కాదు. మూడవది: దినకూలిపై బ్రతుకువానికి ఆ దినపు కూలి దక్కుచున్నదా? నెలజీతగాడు ఒక ఆదివారము దానమిచ్చిన అతనికి విశ్రాంతి మాత్రము తగ్గును. కూలివాడు ఒక దినము దానమిచ్చిన వాని బిడ్డలకు కూడు తగ్గును. కావున గ్రామపంచాయతి గాని, ప్రభుత్వము గాని వానికి కూలి చెల్లింపవలెను. చెల్లించినంతమాత్రమున సేవకు గౌరవము తగ్గదు. మురుగులో దిగువారికి చేతితొడుగులు, మోకాలివఱకు వచ్చు రబ్బరుబూట్లు ఇచ్చుట దయ కాదు, విధి. పుండుపడిన కాళ్లతో నిలువనీటిలో తిరిగినవారికి ఎలుకలమూలమున వచ్చు జ్వరము సోకుట కృష్ణా, గుంటూరు ప్రాంతముల వైద్యులు చక్కగా ఎఱిగినదే.

ఇట్లు ప్రజల చేతలను పొగడుచు పోయినచో ప్రభుత్వము తన భారమును వారిపై త్రోసివేయదా యని కొందఱు శంకింతురు. శంక న్యాయమైనదే. తెగిపడిన విద్యుత్తీగను ఇంటివారు ముట్టరాదు. విద్యుచ్ఛాఖవారే వచ్చి సరఫరా నిలిపితిమని చెప్పినదాక ఎవరును దరిచేరరాదు. పెద్ద మురుగుకాలువల పూడిక తీయుటకు ఊరి పారలు చాలవు, యంత్రములు కావలెను. మంచినీరు శుద్ధిచేయు మందు, వైద్యుడు, పశువైద్యుడు ప్రభుత్వమునుండియే రావలెను. ఇవి రాకపోయిన అడుగుటకు ప్రజలకు హక్కు కలదు. తన ముంగిలి తాను బాగుచేసికొన్నవాడు ఆ హక్కును కోల్పోవడు.

అన్నింటికిని మించి ప్రభుత్వము తక్షణము దిద్దుకొనవలసిన దొకటి కలదు. నష్టగణనమునకు అధికారులు వచ్చి చూచినదాక కూలిన చెట్టును, పడిన గోడను, కుళ్లిన పైరును కదల్చుటకు ప్రజలు జంకుచున్నారు. శుభ్రము చేసికొన్నచో నష్టమునకు సాక్ష్యము పోవునని వారి భయము. ఇందువలన శ్రద్ధగలవాడు నష్టపోవుటయు, చెత్తను కాపాడుకొన్నవాడు పరిహారము పొందుటయు సంభవించును. ఇంతకన్న విపరీతము కలదా? చేతిలోని ఫోనుతో తీసిన ఛాయాచిత్రమును, గ్రామసభ వ్రాసియిచ్చిన పంచనామాను సాక్ష్యముగ అంగీకరించినయెడల ఈ చిక్కు విడిపోవును. మఱియు పొలములో బురద ఎత్తునది కౌలురైతు. కాగితముపై పేరుండునది భూమి యజమానిది. పరిహారము కాగితమువెంట పోవుచుండ, బురద కౌలురైతునకే మిగులుచున్నది. సాగుచేసినవానికి పరిహారము చేర్చనినాడు కలసి పనిచేయుడని చెప్పుటకు మనకు నోరు ఎట్లు వచ్చును?

కావున మా సూచన యిది. వర్షాకాలము ముగియకమునుపే ప్రతి తీరగ్రామమును, ప్రతి పట్టణపు వీధియు ఒక్కమాఱు సమావేశమై మఱునాటి పనిని నిర్ణయించుకొనవలెను. గొడ్డళ్లు, ఱంపములు, పారలు, మోకులు ఎవరియింట ఎన్ని కలవో వ్రాసికొనవలెను. సున్నము, బ్లీచింగుపొడి తడియని ఎత్తైనచోట నిలువచేయవలెను. ఒంటరివృద్ధుల, గర్భవతుల, వికలాంగుల యిండ్లకు ఎవరు మొదట పోవుదురో పేరుపేరున నిర్ణయింపవలెను. మొదటిదినము దారులు, మంచినీరు. కళేబరములను నీటివనరులకు దూరముగ లోతైన గుంటలలో సున్నము వేసి పూడ్చుట. నూతిలోని చెడునీరు తోడి, పూడిక తీసి, మందు కలుపవలెను. మామూలువేళ వేయి లీటర్ల నీటికి సుమారు 2.5 గ్రాముల మంచి బ్లీచింగుపొడి చాలును. చెడిన నూతికి అంతకన్న ఎక్కువ కావలెను గనుక ఆరోగ్యసిబ్బంది పరీక్షించి చెప్పినంత వేయవలెను. వేసిన పిమ్మట గంటసేపయినను ఆగవలెను. కొన్నాళ్లవఱకు నీరు కాచి త్రాగవలెను. పిమ్మట మురుగుకాలువలు, బడి, తోటలు. పిల్లలకు ఎండబెట్టు పని, కడుగు పని ఇయ్యవచ్చును గాని కూలిన గోడల దాపునకు, పాములు దాగు కట్టెలకుప్పల దాపునకు పోనీయరాదు.

ఇందులో అసాధ్యమైనది ఒక్కటియు లేదు. ఒక్క సాయంకాలపు సమావేశము, ఒక్క కాగితము, కొంత సున్నము. వీనికన్న కష్టమైనది మనస్సును సిద్ధపఱచుకొనుట. గాలివాన పెద్దయిల్లని, చిన్నగుడిసెయని చూడదని సామాన్యముగా అందురు. అది పూర్తిగా నిజము కాదు. మేడ నిలుచును, గుడిసె పోవును. ఆ భేదమును గాలి చేసినది. మఱునాడు దానిని పెంచుటయు, తగ్గించుటయు మన చేతిలోనున్నది. మేఘము పట్టని నేడే మన యూళ్లు ఆ పనికి కూర్చుండునుగాక.